యంత్రాలు ఇంగ్లండులోనే ముందెందుకు వచ్చాయి: బొగ్గు వల్లా, పనివాళ్ల వల్లా?

బొగ్గుబావి:
ఇందులో ఇంత వాదన ఎందుకో! 18వ శతాబ్దంలో అక్కడ కూలి ఎక్కువ, బొగ్గు చవక. మనుషుల్ని తగ్గించి బొగ్గు కాల్చే యంత్రం పెడితే ఇంగ్లండులో గిట్టుబాటయింది, ఫ్రాన్సులో కాలేదు, అంతే. 1712లో డడ్లీ దగ్గర పెట్టిన న్యూకొమెన్ ఇంజన్ (గనిలో నీళ్లు తోడే ఆవిరి యంత్రం) బొగ్గు తెగ తినేది, గని పక్కనే కాబట్టి ఎవరికీ బాధ లేదు.

ఆకురాయి:
గిట్టుబాటవుతుందని తెలిస్తే యంత్రం దానంతటదే తయారైపోదు కదండీ. జేమ్స్ వాట్ తన కొత్త ఆవిరి ఇంజన్‌కి 1769లో పేటెంట్ తీసుకుంటే ఇంజన్లు పనిలోకి దిగింది 1776లో. డబ్బు ఇబ్బందీ ఉందనుకోండి, కానీ అసలు తలనొప్పి సిలిండర్. పాత ఇంజన్లో పిస్టన్ పక్కన సందుంటే పైన కాసిని నీళ్లు పోసి మూసేవాళ్లు, వాట్ సిలిండరేమో ఎప్పుడూ వేడిగా ఉండాలి, నీళ్లు పోస్తే మొదటికే మోసం. బండి ఇంజన్ బోరుకొస్తే ఎంత గొడవో లేత్ షాపు చుట్టూ తిరిగినవాళ్లకి తెలుసు. ఫిరంగులు తొలిచే జాన్ విల్కిన్సన్ 1775లో సిలిండర్ నున్నగా తొలిచి ఇచ్చాకే పని కుదిరింది. ఆర్క్‌రైట్ పేరున్న నూలు వడికే యంత్రం చేసిపెట్టిందీ జాన్ కే అనే గడియారాలవాడే.

కృష్ణాతీరం:
పనితనమే కారణమైతే మా బందరు అద్దకంవాళ్లు ఏం తక్కువ తిన్నారు? మన దేశపు చీటి గుడ్డలకి (అద్దకం నూలు బట్టలకి) అక్కడి జనం ఎగబడుతుంటే తట్టుకోలేక 1721లో వాళ్ల పార్లమెంటే అద్దకం నూలు బట్టలు కట్టొద్దని చట్టం చేసింది. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

ఆకురాయి:
ఒప్పుకుంటా, ఆ చట్టం 1774 దాకా నడిచింది, నూలు బట్టలు నేసే లాంకషైర్ జిల్లాకి బాగా కలిసొచ్చింది. కానీ అద్దకం తిరిగిన చెయ్యి వేరు, ఇత్తడి చక్రానికి పళ్లు కోసే చెయ్యి వేరు. ఆ లాంకషైర్‌లోని ప్రెస్కాట్ ఊరి చుట్టుపక్కల ఇళ్లలోనే గడియారాల భాగాలు, ఆకురాళ్లు చేసేవాళ్లు. బొగ్గుబావి గారూ, ఇంకో మాట: నూలు వడికింది ఆడవాళ్లు, పిల్లలు. వాళ్ల కూలి ఎక్కువా?

బొగ్గుబావి:
గడియారాలు పారిస్‌లోనూ చేశారుగా, మరి అక్కడెందుకు రాలేదు?

ఆకురాయి:
పనితనం ఎక్కడైనా దొరికే అంత చవక సరుకైతే ఇంగ్లండువాళ్లు తమ పనివాళ్లు దేశం దాటకూడదని 1824 దాకా చట్టం ఎందుకు పెట్టుకున్నారు? ఇంగ్లండు నూలు మిల్లులో పని నేర్చిన శామ్యూల్ స్లేటర్ 1789లో చెప్పాపెట్టకుండా అమెరికా చేరాడు, యంత్రమంతా బుర్రలోనే. మరుసటేడు పాటకెట్‌లో నూలు తీశాడు, అదీ ఏటి నీళ్లతో. మీ బొగ్గు ఎక్కడుంది అందులో?

బొగ్గుబావి:
బొగ్గు లేదు సరే, అమెరికాలో కూలి మాత్రం ఇంగ్లండు కంటే ఎక్కువ. నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే 🙂