అజురిన్ లాంటి బ్యాక్టీరియా ప్రొటీన్లు క్యాన్సర్ మందులుగా ఎందుకు రావడం లేదు?

నీలికలువ:
అజురిన్ గురించి చదివినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదండీ. సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియాలో ఉండే ప్రొటీన్ అది, 128 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 50 నుంచి 77 వరకు ఉన్న ముక్కకు పీ28 అని పేరు. క్యాన్సర్ కణాల్లోకి దూరి, పీ53 అనే కాపలా ప్రొటీన్ విచ్ఛిన్నం కాకుండా ఆపుతుంది. షికాగోలో ఆనంద చక్రవర్తి బృందం దీన్ని పట్టుకుంది. వేరే ఏ మందుకూ లొంగని కణితులున్న 15 మందికి ఇస్తే ఒకరిలో కణితి పూర్తిగా పోయిందని, ముగ్గురిలో కొంత తగ్గిందని 2013లో ప్రచురించారు. ఇన్నేళ్లయినా అది రోగుల దాకా ఎందుకు రాలేదు? ఎవరో తొక్కిపెడుతున్నారనే నా అనుమానం.

పెట్రీడిష్:
అది మొదటి దశ ట్రయల్. శరీరం ఎంత మోతాదు తట్టుకుంటుందో చూడటానికి పెట్టేది. పోల్చడానికి ఇంకో గుంపు కూడా ఉండదు. ఆ 15 మందిని చూసి మందు పనిచేస్తుందని చెప్పలేం. ఇంకో మాట, 28 అమైనో ఆమ్లాల ముక్కను పెప్టైడ్ అంటారు, ప్రొటీన్ అనరు. మాటలు సరిగ్గా వాడితే సగం గందరగోళం తగ్గుతుంది.

ఆకురాయి:
తొక్కిపెట్టే పనైతే ఎల్-ఆస్పరాజినేజ్ ఎలా వచ్చింది? అదీ బ్యాక్టీరియా ప్రొటీనే, ఈ-కోలై నుంచి తీస్తారు. పిల్లలకొచ్చే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ కణాలు చాలావరకు ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని తగినంత తయారుచేసుకోలేవు, రక్తంలోంచి లాక్కుంటాయి. ఈ మందు రక్తంలోని ఆస్పరాజిన్‌ను విడగొట్టేస్తుంది, కణాలు తిండి లేక చస్తాయి. 1953లో గినీ పంది రక్తరసంతో దొరికిన ఆధారం 1978లో అమెరికాలో అనుమతి దాకా వచ్చింది. అంటే 25 ఏళ్లు.

పెట్రీడిష్:
ఆస్పరాజినేజ్ ఎంజైమ్. కణం బయట, రక్తంలో పనిచేస్తుంది. అజురిన్ కణం లోపలికి వెళ్లాలి. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

కొత్తచిగురు:
ఎంజైమ్ కూడా ప్రొటీనే కదండీ.

పెట్రీడిష్:
కాదని నేనెక్కడ అన్నాను? పని చేసే తీరు వేరంటున్నాను.

రాత్రిడ్యూటీ:
ఆస్పరాజినేజ్ ఎక్కించేటప్పుడు పక్కన నిలబడి చూసినదాన్ని. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి అందకపోవడం, కొందరికి క్లోమం వాపు. మనది కాని ప్రొటీన్ గనక ఒళ్లు తిరగబడుతుంది. అప్పుడు ఎర్వీనియా అనే ఇంకో బ్యాక్టీరియా నుంచి తీసిన దానికి మారుస్తారు. ఆ మందుతో పిల్లలు బతికారు, నేను చూశాను. కానీ తేలిగ్గా బతకలేదు.

వానచినుకు:
సూడోమోనాస్ పేరు వింటేనే నాకు వణుకు. మా అన్నయ్యను ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల్లో చేరి తీసుకుపోయింది ఆ పురుగే. ఏ యాంటీబయోటిక్‌కూ లొంగలేదు. దాన్నే మందంటున్నారా!

ఆకురాయి:
మీ బాధ అర్థమవుతోందండీ. పీ28ని ల్యాబులో రసాయనికంగా కూరుస్తారు, అందులో ఆ పురుగు ఉండదు. అసలు ఆ పురుగు విషం ముక్కతోనే తయారైన మోక్సెటుమొమాబ్ పాసుడోటాక్స్‌కు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది, హెయిరీ సెల్ ల్యుకేమియా అనే అరుదైన జబ్బుకు. వాడేవాళ్లు తక్కువని 2023లో కంపెనీయే అక్కడ ఆపేసింది. నీలికలువ గారూ, మీ ప్రశ్నకు కుట్ర కంటే దగ్గరి జవాబు ఇక్కడుంది.

వానచినుకు:
సరే, అలాంటి మొండి ఇన్ఫెక్షన్లకు మందు మాటేమిటి? ఒక బ్యాక్టీరియా మరోదాన్ని చంపడానికి ప్రొటీన్లు వదులుతుందంటారుగా.

పెట్రీడిష్:
వదులుతుంది, బ్యాక్టీరియోసిన్లంటారు. నైసిన్ సంగతి 1928 నుంచీ తెలుసు. ఆహారం చెడిపోకుండా ఇప్పటికీ కలుపుతున్నారు. మింగితే మాత్రం పేగుల్లోని ఎంజైములు దాన్ని ముక్కలు చేసేస్తాయి. పైగా సూడోమోనాస్‌కు బయటి పొర ఒకటి అదనంగా ఉంటుంది, నైసిన్ ఒక్కటే దాన్ని దాటలేదు. అందుకే ప్రతిదానికీ 'కొత్త ఆశ' అని రాయడం నాకు గిట్టదు. అసలు మొదటి దశ ఫలితాలు రోగుల ఇళ్ల దాకా వెళ్లకూడదు.

నీలికలువ:
వెళ్లకూడదా? అది చెప్పడానికి మీరెవరు? మా అమ్మకు నాలుగో దశ. డాక్టరు నాలుగు నిమిషాలు కూడా మాట్లాడలేదు. పెప్టైడా ప్రొటీనా అని నన్ను దిద్దడానికి మీకున్న తీరిక ఆయనకు లేదు. ఎవరూ చెప్పకపోతే మేం వెతుక్కోమా? వెతుక్కుంటే సగం సగం దొరుకుతుంది.

పెట్రీడిష్:
మా నాన్న ఇలాంటి వార్త ఒకటి చదివి కీమో మానేశారు. ఆ మందు వచ్చేస్తుందని ఎదురుచూశారు. నేను ల్యాబులో పనిచేస్తూ కూడా ఆపలేకపోయాను. మళ్లీ మొదలుపెట్టేసరికి కాలేయానికి పాకింది. మాటల దగ్గర నేను పట్టుబట్టేది అందుకు. మీరు బాధపడాలని కాదు.

రాత్రిడ్యూటీ:
ఇద్దరూ ఒక్క క్షణం ఆగండి. నీలికలువ గారూ, అమ్మ కీమో నడుస్తోందా?

నీలికలువ:
నడుస్తోంది. ఆపను.

పెట్రీడిష్:
ఆపకండి. డాక్టరును రెండు అడగండి. అమ్మ కణితికి సరిపోయే ట్రయల్ ఏదైనా ఇప్పుడు నడుస్తోందా? కణితి జన్యుపరీక్షలో పీ53 సంగతి ఏమని వచ్చింది? ఆ రిపోర్టు కాపీ మీ దగ్గర పెట్టుకోండి.

నీలికలువ:
కాగితం మీద రాసుకున్నాను. సోమవారం వెళ్తున్నాం. మీ నాన్నగారి సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అయినా మా దాకా రానివ్వకూడదన్న మాటకు మాత్రం నేను ఒప్పుకోను.