లారీ కమాను పట్టీ మీద ఆకురాయి జారిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వంటింటికి ఒక కత్తి నా చేత్తో చేసుకోవాలని మొదలుపెట్టాను. పాత ఇనుప సామాన్ల కొట్లో లారీ కమాను పట్టీ ముక్క కొని, యాంగిల్ గ్రైండర్‌తో కత్తి ఆకారంలో కోశాను. వేడెక్కినప్పుడల్లా నీళ్లలో ముంచాను. ఇప్పుడు బెంచ్ వైస్‌లో బిగించి రాస్తుంటే అంచుల దగ్గర ఆకురాయి అసలు పట్టడం లేదు, జారిపోతోంది. మధ్యలో మాత్రం కొంచెం పొడి రాలుతోంది. పట్టీ మందం 8 మిల్లీమీటర్లు. ఆకురాయి కొత్తదే. ఇంకా ఖరీదైనది కొనాలా?

జవాబు:
కొనొద్దు తమ్ముడూ, ఆకురాయిలో లోపం లేదు. గ్రైండర్ కోసిన చోట అంచు ఎర్రబడి ఉంటుంది. ఎర్రగా కాలిన స్ప్రింగు ఉక్కును నీళ్లలో ముంచితే ఆ పలచటి పొర దాదాపు ఆకురాయంత గట్టిపడుతుంది. మధ్యలో అంత వేడి తగల్లేదు కాబట్టి అక్కడ తెగుతోంది. అంచు మీద బలవంతంగా రుద్దితే ఆకురాయి పళ్లే అరిగిపోతాయి.

ముందు ఉక్కును మెత్తబరచాలి. కొలిమిలో ముక్కంతా సమంగా ఎర్రబడేలా కాల్చు. సుమారు 770 డిగ్రీల దగ్గర దానికి అయస్కాంతం అతుక్కోవడం మానేస్తుంది. అది దాటి రంగు ఇంకొంచెం పెరిగాక తీసి, పొడి కట్టెల బూడిదలో లోతుగా పూడ్చు. తెల్లారేదాకా ముట్టుకోకు. ఎంత నెమ్మదిగా చల్లారితే అంత మెత్తబడుతుంది. పైన నల్లటి పొలుసు మిగులుతుంది, దాని మీద నేరుగా రాస్తే ఆకురాయి పాడవుతుంది. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి వైర్ బ్రష్‌తో రుద్దితే ఊడొస్తుంది.

కానీ నీకు అసలు కష్టం మందంతో. వంటింటి కత్తికి వెన్ను దగ్గర 2, 3 మిల్లీమీటర్లు చాలు. 8 నుంచి అక్కడిదాకా చేత్తో రాయాలంటే ఎవరికైనా విసుగొచ్చి వదిలేస్తారు. దగ్గర్లో కమ్మరి కొలిమి ఉంటే 4 మిల్లీమీటర్లకు సాగగొట్టించు. కొడవళ్లు, గొడ్డళ్లు కొట్టేవాళ్లకు కమాను పట్టీ కొత్తేం కాదు. బూడిదలో పూడ్చే పని కూడా అక్కడే అయిపోతుంది.

మరో సభ్యుడు:
పాత పట్టీ ఏళ్ల తరబడి బరువు మోసి ఉంటుంది, లోపల సన్నటి పగుళ్లు ఉండొచ్చు. ముఖ్యంగా మధ్య బోల్టు రంధ్రం చుట్టూ. ఆ భాగం వాడకండి. కమాన్లు కట్టే షాపులో కొత్త పట్టీ తుంపు దొరికితే నిశ్చింత.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా, మా ఊళ్లో కొలిమి ఉంది, రేపే వెళ్తాను. తర్వాత వాలు (వెన్ను నుంచి అంచుకు పలచబడే ఏటవాలు) రాయడం ఎలా? రెండు వైపులా సమానంగా రాదేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:
అంచుకు మార్కర్ రంగు పూసి, పట్టీని చదునైన బల్ల మీద పడుకోబెట్టు. పట్టీ మందమంత లావున్న డ్రిల్ బిట్‌ను పక్కనే పడుకోబెట్టి దాని మొనతో అంచు మీద గీయి, పట్టీని తిప్పి మళ్లీ గీయి. రెండు గీతలూ దాదాపు మధ్యలోనే పడతాయి. ఆ గీతలు నీకు హద్దు. ఒక వైపు పూర్తిచేసి రెండోది పట్టుకోకు, కొంచెం ఇటు, కొంచెం అటు రాస్తూ పో.

వైస్ నీ మోచేయి ఎత్తులో ఉండాలి. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. చాలామంది ఇది పట్టించుకోరు, మంచి ఆకురాళ్లు అలాగే పాడవుతాయి. పళ్లలో ఇరుక్కున్న రజను ఉక్కు మీద లోతైన గీతలు పెడుతుంది, అందుకని ముందే సుద్దముక్క రుద్దు, మధ్యమధ్యలో బ్రష్ చెయ్యి. ముతక రకంతో మొదలుపెట్టి నున్నటి దానికి రా. చివర్లో ఆకురాయిని అడ్డంగా రెండు చేతులతో పట్టుకుని కత్తి పొడవునా నడిపిస్తే గీతలన్నీ ఒకే దిశకు వస్తాయి. ఎమెరీ పేపర్ పని సగం తగ్గుతుంది.

అంచును మాత్రం ఇప్పుడే పదును దాకా తేవద్దు, సుమారు 1 మిల్లీమీటరు మందం ఉంచు. మరీ పలచగా చేసి కాలిస్తే వంకర పోతుంది, పగలొచ్చు కూడా. మళ్లీ గట్టిపరిచేటప్పుడు నీళ్లు వాడకు, ఇది నూనెలో ముంచాల్సిన ఉక్కు. గోరువెచ్చటి కంటే కొంచెం ఎక్కువ వేడిగా ఉన్న వంటనూనె, ఇనుప డబ్బా, పక్కన మూత, ఆరుబయట. మంట లేస్తుంది కాబట్టి కళ్లద్దాలు, చేతికి తోలు గ్లౌజులు ఉండాల్సిందే. నూనెలోంచి తీశాక ఆకురాయి జారితే గట్టిపడినట్టే. చేతికి తాకగలిగేంత చల్లారగానే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లార్చి మళ్లీ రెండు గంటలు ఉంచు. పొలుసు తీసి మెరిపించిన చోట ఎండుగడ్డి రంగు కనిపించాలి. ఓవెన్ పని అవ్వకముందే కత్తి కింద పడితే ముక్కలవ్వొచ్చు, అందుకే మర్నాటికి వాయిదా వేయకు.