జపమాలతో దారి కొలవడం: నాటికలో ఎలా చూపాలి?

మైలాపూరు నాటకం:
చెన్నైలో మా తెలుగు పిల్లల నాటిక. అమ్మానాన్నా లేని కుర్రాడు టిబెట్ లామాకి శిష్యుడై నడుస్తూ, దొరల సర్వే కోసం రహస్యంగా దారి కొలుస్తుంటాడు. కాలం 1860లు. మాలలో పూసలెన్ని? ఎన్ని అంగలకి ఒక పూస జరపాలి? చేత్తో తిప్పే బౌద్ధుల ప్రార్థన చక్రంలో ఏం దాచేవారు?

గొలుసుకొలత:
పూసలు 100 పెట్టండి. బౌద్ధుల మాలకి 108 ఉంటాయి. లెక్క కోసం సర్వేవాళ్ళు ఎనిమిది తగ్గించారు. 100 అంగలకో పూస, మాల ఒక చుట్టు తిరిగితే 10,000 అంగలు. మైలుకి 2,000 చొప్పున ఐదు మైళ్ళు. అంగ 33 అంగుళాలని చాలాచోట్ల రాస్తారు గానీ, అలాగైతే మైలుకి 1,920 అంగలే పడతాయి. 2,000 పడాలంటే అంగ 31.7 అంగుళాలుండాలి. నేలమీద టేపుతో 100 అడుగులు గీసి చూడండి, 38 అంగల్లో దాటాలి. పిల్లాడికి 45 పడితే కాళ్ళు చాపించకండి, ప్రతిసారీ అదే 45 పడితే చాలు. ఎక్కుడులో అంగ కురచవుతుంది, లేని దూరం లెక్కకెక్కుతుంది. అసలు కష్టం అదే.

పరంగిమల:
చక్రంలో మంత్రం కాగితానికి బదులు తెల్లకాగితాలుండేవి, దిక్కులూ అంగల లెక్కా వాటిమీదే. ఉష్ణమాపకం చేతికర్రలో, పాదరసం గవ్వల్లో. రాత్రి పాదరసాన్ని భిక్షాపాత్రలో పోస్తే అద్దమవుతుంది. పైనున్న నక్షత్రానికీ అందులోని నీడకీ మధ్య కోణాన్ని సెక్స్‌టెంట్‌తో కొలిచి సగం చేస్తే నక్షత్రం ఎత్తు వస్తుంది. గాలి వీస్తే నీడ చెదిరిపోతుంది. పిల్లల చేతికి మాత్రం పాదరసం ఇవ్వకండి, నల్లగిన్నెలో నూనె చాలు. ఉన్న చోటు ఎంత ఎత్తో తెలియడానికి నీళ్ళు మరిగించేవారు: పైకెళ్ళేకొద్దీ సుమారు 300 మీటర్లకి మరిగే వేడి ఒక సెల్సియస్ డిగ్రీ తగ్గుతుంది, టిబెట్ రాజధాని లాసాలో 88 దగ్గరే మరుగుతాయి.

గొలుసుకొలత:
ఇలాగే రహస్యంగా దారి కొలుస్తూ 1866 జనవరిలో లాసా చేరిన నయన్ సింగ్ రావత్ కుమావూఁ బడిపంతులు. డెహ్రాడూన్‌లో సర్వే అధికారి మాంట్‌గోమరీ తర్ఫీదులో నేర్చాడు. తర్వాత అలాంటి మరో రహస్య సర్వేయరు కిషన్ సింగ్ గుర్రమెక్కాల్సి వచ్చినప్పుడు దాని ముందు కుడికాలి అడుగులు లెక్కపెట్టాడు. ఈ ఘట్టం తప్పక పెట్టండి.

మైలాపూరు నాటకం:
దారిలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పదా?

పరంగిమల:
అందుకే చక్రం. మనిషి కనబడగానే తిప్పుతూ జపం మొదలెడితే మాట కలపడానికి ఎవరూ రారు. కుడిచేత చక్రం, గడియారం ముళ్ళు తిరిగే వైపే తిప్పాలి. మాల ఎడంచేత. కుర్రాడి పెదవులు మంత్రానికి కదలాలి, బొటనవేలు మాత్రం నూరో అంగకే.