పూటకి ఎన్ని చెంచాల నూనె వాడాలి? మావారి రిపోర్టు చూశాక అడుగుతున్నాను

కాకినాడ_గృహిణి

అందరికీ నమస్కారం. మావారికి 46 ఏళ్లు, బ్యాంకులో కూర్చుని చేసే ఉద్యోగం. కిందటి వారం లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయిస్తే ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్ అంటారే, అది 148, ట్రైగ్లిజరైడ్లు 262 వచ్చాయి. డాక్టరుగారు ఇప్పుడే మందు వద్దన్నారు. మూడు నెలలు తిండి సరిచేసుకుని, రోజూ నడిచి, మళ్లీ పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. "నూనె తగ్గించండమ్మా" అన్నారు. ఎంతకి తగ్గించాలో అడిగేలోపే తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశారు.

ఇంటికొచ్చి యూట్యూబ్ చూస్తే ఒకాయన అన్నం మానేసి కొబ్బరినూనె, నెయ్యి చెంచాలకి చెంచాలు తీసుకోమంటారు. ఇంకొకాయన తాలింపులో కూడా చుక్క నూనె పడకూడదంటారు. ఇద్దరి మాటా పాటించేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. నాకేమో పాలుపోవడం లేదు.

ఇంట్లో ఐదుగురం. మేమిద్దరం, ఇంటర్ చదివే అమ్మాయి, తొమ్మిదో తరగతి బాబు, 74 ఏళ్ల మా అత్తగారు. పొద్దున్న అట్టో ఇడ్లీయో, పల్లీ చట్నీ. మధ్యాహ్నం పప్పు, వేపుడు, ఆవకాయ, పెరుగు. మావారికి అదే క్యారేజీ. రాత్రి మళ్లీ అన్నమే. ఆయన రోజుకి నాలుగు టీలు తాగుతారు, చక్కెర రెండేసి చెంచాలు. నెలకి సన్‌ఫ్లవర్ నూనె లీటరు ప్యాకెట్లు ఆరు, నెయ్యి కిలో. పాలు రోజుకి రెండు లీటర్లు, ఫుల్ క్రీమ్.

పూటకి ఇన్ని చెంచాలు అని ఎవరైనా చెబితే అలాగే వండుతాను. బాదం, పల్లీలు మంచి కొవ్వు అంటారు కదా, అవి కూడా ఈ లెక్కలోకి వస్తాయా?

పథ్యం_అమ్మమ్మ

అమ్మా, నేను జిల్లా ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను, రాజమండ్రిలో ఉంటాను. మీరు ఇంటి సరుకుల లెక్క ఇంత వివరంగా రాశారు కాబట్టి చెప్పడం తేలికయింది.

ముందు మీరడిగిన అంకె. మీవారికి పూటకి రెండు టీస్పూన్లు, నూనె నెయ్యి కలిపి. టీస్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు. ఇంట్లో చెంచాలు ఒక్కోటి ఒక్కో లోతు ఉంటాయి, వాటిని నమ్మకండి. దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూత మీద 5 దగ్గర గీత ఉంటుంది, దాన్ని కడిగి తాలింపు డబ్బా పక్కన పెట్టుకోండి. ఒక టీస్పూన్ నూనె నాలుగున్నర గ్రాములు తూగుతుంది. మూడు పూటలకి ఆరు టీస్పూన్లు, 27 గ్రాములు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకి 2000 కేలరీలు తినేవాళ్లకి చెప్పే నూనె కొలత కూడా అంతే. మీవారికి నడక తక్కువ కాబట్టి ఇంకో చెంచా తగ్గినా నష్టం లేదు.

ఇది కంటికి కనబడే కొవ్వు. పాలు, పెరుగు, పప్పు, గింజలు, గుడ్డులో కనబడనిది ఇంకో అంత ఉంటుంది. ఆయనకి రోజుకి సుమారు 1800 కేలరీలు చాలు. అందులో 30 శాతం దాటకుండా చూసుకుంటే మొత్తం కొవ్వు 60 గ్రాములు, అంటే పూటకి 20కి మించకూడదు. గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, అదే గ్రాము అన్నపు పిండిపదార్థానికి 4. కొంచెమే వేశాం అనుకున్నది బరువుగా చేరేది అందుకే.

ఇప్పుడు మీ సరుకుల లెక్క చూద్దాం. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. ఆరు లీటర్లు, కిలో నెయ్యి కలిపితే 6460 గ్రాములు. ఐదుగురికీ ముప్పై రోజులకీ పంచితే తలకి రోజుకి 43 గ్రాములు! పూటపూటా చెంచాలు లెక్కపెట్టుకునే ఓపిక అందరికీ ఉండదమ్మా. ఒకటో తారీఖున మూడున్నర లీటర్ల నూనె, అరకిలో నెయ్యి మాత్రం తెచ్చుకుని, అయిపోతే మళ్లీ తేకుండా ఉంటే తలకి 25 గ్రాముల లోపే వస్తుంది. ఆసుపత్రికి వచ్చేవాళ్లకి నేను ముందు చెప్పింది ఎప్పుడూ ఇదే.

ఎల్‌డీఎల్ సంగతికి వస్తే, నూనె ప్యాకెట్ కన్నా మీ పాల ప్యాకెట్ నాకు ఎక్కువ కంగారు పుట్టిస్తోంది. ఫుల్ క్రీమ్‌లో 6 శాతం కొవ్వు. రెండు లీటర్లు ఐదుగురికి పంచితే తలకి 24 గ్రాములు, అందులో మూడింట రెండు వంతుల దాకా సంతృప్త కొవ్వే, ఎల్‌డీఎల్‌ని పెంచే రకం అదే. మీవారికి రోజు మొత్తానికి సంతృప్త కొవ్వు 20 గ్రాములు దాటకూడదు, టీ పెరుగులతోనే 15 అయిపోతోంది. ఆయన వాటాకి టోన్డ్ పాలు తెప్పించండి, అందులో 3 శాతమే. ఆయన పెరుగు విడిగా తోడుపెట్టండి.

ట్రైగ్లిజరైడ్లకి మాత్రం నూనె ఒక్కదాన్నే తప్పు పట్టకండి. నాలుగు టీలకి ఎనిమిది చెంచాల చక్కెర, రెండు పూటలా అన్నం, ఈ మిగులంతా కాలేయంలో కొవ్వుగా మారి రక్తంలోకి వస్తుంది. నూనె మానేసి అన్నం అంతే తింటే ఆ 262 దిగదు. అన్నం మూడో వంతు తగ్గించి ఆ జాగాలో కూర, పప్పు పెట్టండి. మద్యం అలవాటు ఉంటే అదీ చూసుకోవాలి.

ఇక చుక్క నూనె వద్దనే మాట. తోటకూర, మునగాకు, క్యారెట్‌లో ఉండే ఎ విటమిన్ సరుకు ఒంటికి పట్టాలంటే ఆ పూటలో కొంచెం కొవ్వు ఉండాలి. డి, ఇ, కె విటమిన్లూ అంతే. శరీరం తయారుచేసుకోలేని కొవ్వు ఆమ్లాలు కూడా తిండి నుంచే రావాలి. అటువైపు చెంచాలకి చెంచాలు నెయ్యీ కొబ్బరినూనే తాగితే, అన్నం మానేశారు కాబట్టి ట్రైగ్లిజరైడ్లు తగ్గవచ్చు, కానీ చాలామందిలో ఎల్‌డీఎల్ పైకి పోతుంది. 148 ఉన్న మనిషికి ఆ ప్రయోగం వద్దు.

పల్లీలు, బాదం, నువ్వులు లెక్కలోకి వస్తాయి. వాటి బరువులో సుమారు సగం నూనే. కానీ మాంసకృత్తులు, పీచు వెంట తెస్తాయి కాబట్టి వాటిని మానొద్దు, చోటు చూసి వాడండి. ఇడ్లీకి పల్లీ చట్నీ, అట్టుకి అల్లం చట్నీ అనుకోండి. మధ్యాహ్నం ఆవకాయ కలుపుకుంటే అందులోనే ఒక చెంచా నూనె వచ్చేసింది, ఆ రోజు ముద్దపప్పు మీద నెయ్యి వద్దు.

వేపుడు మానమనను. దొండకాయలు చక్రాల్లా తరిగి, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ముప్పావు వంతు ఉడకనివ్వండి. తీసి పళ్లెంలో పరిచి తడి ఆరనివ్వాలి, ఇది తొందరపడితే బాండీకి అంటుకుంటుంది. ఇనుప బాండీ బాగా కాలాక ఐదు టీస్పూన్ల నూనె వేసి, ముక్కలు వేసి, మూత లేకుండా అంచులు ఎర్రబడేదాకా వేయించండి. తలకి ఒక చెంచా. పప్పు తాలింపుకి అర, నెయ్యికి అర. రెండు సరిపోయాయి.

పెసరట్టు_పెనం

అమ్మగారు ఇంటి లెక్క చెప్పారు, నేను బయటి లెక్క చెబుతాను. మాది తణుకులో టిఫిన్ సెంటరు. ఉల్లి పెసరట్టు పోశాక చుట్టూ ఒక తిప్పు నూనె, ఉల్లి చల్లి నొక్కాక పైన ఇంకో తిప్పు. మా గరిటెతో అది మూడు టీస్పూన్లకి తక్కువ ఉండదు. అందులో ఉప్మా పెడితే దాని నూనె వేరే. నూనె తక్కువ వేయమని చెబితే వేసేవాడు కోపగించుకోడు, పెనం బాగా కాలి ఉంటే ఒక చెంచాతోనూ అట్టు లేస్తుంది. బాగా జాగ్రత్త పడాల్సింది పూరీ, మైసూర్ బజ్జీల దగ్గర. మీవారు బ్యాంకు దగ్గర సాయంత్రం ఏం తింటున్నారో కూడా అడగండి మేడం. క్యారేజీ ఒక్కటే చూస్తే లెక్క సగమే తేలుతుంది.

సిరిసిల్ల_తమ్ముడు

అక్కా, నూనెను పూటపూటకు పంచుకునుడు ఎందుకో నేను చెప్త. నాకు పిత్తాశయంల రాళ్లుండె. పొద్దంత సరిగ తినకుండ ఉండి, రాత్రి దావత్‌ల మటన్, బగార అన్నం తింటే అర్ధరాత్రి కుడిపక్క పక్కటెముకల కింద నొప్పి లేసేది, వీపు దాక గుంజేది. ఆపరేషన్ అయినంక సర్జన్ సారు చెప్పిండు: కొవ్వు బంద్ పెట్టకు, ఒక్కపారి ఎక్కువ తినకు. పైత్యరసం జమ ఉండే సంచి పోయింది, ఇప్పుడు కొద్దికొద్దిగ పేగులకు కారుతనే ఉంటది. అందుకే ఒక్కపూటనే కొవ్వు ఎక్కువైతే నాకు విరేచనాలైతయ్. మూడు పూటలా కొంచెం కొంచెం తింటే ఏం బాధ లేదు. నూనె మొత్తం మానేసి జల్ది బరువు తగ్గినోళ్లకు గూడ రాళ్లు అయితయని ఆ సారే చెప్పిండు.

మా ఇంట్ల సర్వపిండి అంటే అందరికీ పానం. పిండిలనే పల్లీలు, నువ్వులు ఉంటయ్, మళ్ల గిన్నె నిండ నూనె అక్కర్లేదు. గిన్నెకు పలచగ రాసి పిండి ఒత్తి, వేలుతోని బొక్కలు చేసి, ఒక్కొక్క బొక్కల చుక్క ఏసి మూత పెట్టి సన్నమంట మీద ఉంచితే కమ్మగ కాలుతది.

కాకినాడ_గృహిణి

అమ్మగారూ, మీకు చాలా చాలా కృతజ్ఞతలు. ఆ 43 అంకె మావారికి చదివి వినిపించాను, ఇద్దరం కూర్చుని మళ్లీ లెక్కేశాం, అంతే వచ్చింది. సిరిసిల్ల తమ్ముడూ, సర్వపిండి ఈ ఆదివారం చేస్తాను. పెసరట్టు గారూ, అడిగాను. సాయంత్రం రోజూ రెండు సమోసాలట.

ఇంకో రెండు సందేహాలు. మా అత్తగారు బాగా సన్నం, రెండు ముద్దలు తిని లేచిపోతారు. ఆవిడకీ నెయ్యి తగ్గించాలా? సన్‌ఫ్లవర్ మార్చి వేరే నూనె వాడాలా?

పథ్యం_అమ్మమ్మ

ఆవిడకి వద్దమ్మా. తక్కువ తినే పెద్దవాళ్లకి ఆ రెండు ముద్దల్లోనే బలం వెళ్లాలి. ఆవిడ డాక్టరు వేరేగా ఏమీ చెప్పకపోతే నెయ్యి వేయండి, గ్లాసుడు ఫుల్ క్రీమ్ పాలూ ఇవ్వండి. ఎదిగే పిల్లల్నీ మరీ బిగించకండి. నేను చెప్పిన అరకిలో నెయ్యిలో పెద్ద వాటా ఆవిడకీ పిల్లలకీ పోనివ్వండి, మీవారి అర చెంచా అలాగే ఉంటుంది.

నూనె ఒక్కటే ఏళ్ల తరబడి వాడకండి. ఒక నెల పల్లీ నూనె, ఒక నెల నువ్వులదో తవుడుదో మార్చుకుంటూ రండి. ఏది వాడినా చెంచా చెంచానే, మంచి నూనె కదా అని కొలత పెరగకూడదు. అప్పడాలు వేయించిన నూనె మళ్లీ మళ్లీ కాచకండి. వీటన్నిటిలో తక్కువయ్యేది ఒమేగా 3 అనే మంచి కొవ్వు. మీరు చేపలు తినేవాళ్లయితే కాకినాడలో ఉండి దానికి మాత్రలు కొనక్కర్లేదు. వారానికి రెండుసార్లు కవళ్లో కానాగంతలో తెచ్చి పులుసు పెట్టండి, వేపుడు వద్దు. తినకపోతే అవిసె గింజలు దోరగా వేయించి కారప్పొడి కొట్టుకోండి.

ఆ సమోసాలు ఆగిపోతే మీ పని సగం తేలికవుతుంది. బదులుగా చిన్న డబ్బాలో గుప్పెడు ఉడికించిన శనగలు పెట్టి పంపండి.

ఒక మాట అడగాలి. మీవారికి షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేశారా? ట్రైగ్లిజరైడ్లు ఇలా పెరిగినవాళ్లలో షుగరు మొదలవుతూ ఉండటం చాలాసార్లు చూశాను. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, అప్పుడు నూనె ఎంత తగ్గించినా అది కదలదు. రిపోర్టులో షుగరుకి హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ అని ఉన్నాయేమో చూసి ఇక్కడ రాయండి. లేకపోతే మూడు నెలల తర్వాత లిపిడ్‌కి ఇచ్చే రక్తంలోనే ఆ రెండూ కూడా రాయమని డాక్టరుగారిని అడగండి, ఈసారి చీటీ మీద రాసుకుని వెళ్లండి.