సి లో ఫైల్ ఓనర్‌ని మార్చడం: లినక్స్, మాక్, విండోస్ అన్నిటికీ ఒకే కోడ్ కుదురుతుందా?

గోదారి_కోడర్:

సి లో ఒక బ్యాకప్ టూల్ రాస్తున్నానండీ. బ్యాకప్ తీసేటప్పుడు ప్రతి ఫైల్ యూఐడీ, జీఐడీ (ఓనర్ అంకె, గ్రూప్ అంకె) రాసి పెట్టుకుని, రిస్టోర్ చేసేటప్పుడు చౌన్ (ఫైల్ ఓనర్‌ని మార్చే ఫంక్షన్) పిలిచి అవే తిరిగి పెడుతున్నాను. లినక్స్‌లో రూట్‌గా, అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా నడిపితే బాగానే ఉంది, మాక్‌లో కూడా కంపైల్ అయింది. విజువల్ స్టూడియోలో మాత్రం చౌన్ అనే ఫంక్షనే లేదు. ఇంకోటి, లినక్స్‌లోనే మామూలు యూజర్‌గా నడిపితే నా సొంత ఫైల్‌ని వేరేవాళ్ల పేరు మీదకి మార్చనివ్వట్లేదు, ఈపెర్మ్ (అనుమతి లేదు) ఎర్రర్ వస్తోంది. నా ఫైల్ నేనే ఇచ్చేస్తానంటే ఎందుకు ఆపుతోంది? అన్నిచోట్లా పనిచేసే ఫంక్షన్ ఏదైనా ఉందా, లేక సిస్టమ్ ఫంక్షన్‌తో చౌన్ కమాండ్ నడిపేయడమేనా?

పాత_యునిక్స్:

ముందు ఆఖరి మాట గురించి: సిస్టమ్‌తో కమాండ్ నడపొద్దు, దయచేసి. ఫైల్ పేరులో కొటేషనో సెమీకోలనో ఉంటే షెల్ దాన్ని కమాండ్‌గా తీసుకుంటుంది, మీ టూల్ రూట్‌గా నడుస్తుంటే ఇక చెప్పక్కర్లేదు.

సి స్టాండర్డ్‌లో ఫైల్‌కి ఓనర్ అనేదే లేదు. చౌన్ పోసిక్స్‌లోది, అంటే యునిక్స్ తరహా సిస్టమ్స్‌కి ఉన్న ఉమ్మడి ప్రమాణంలోది, అందుకే లినక్స్, మాక్, ఫ్రీబీఎస్‌డీ అన్నిట్లో దొరుకుతుంది, విండోస్‌లో దొరకదు. ఈపెర్మ్ ఎందుకంటే, డిస్క్ కోటాని (ఒక్కో యూజర్ వాడుకోగల చోటు పరిమితిని) ఓనర్ పేరు మీదే లెక్కేస్తారు. ఎవరి ఫైల్‌ని వాళ్లు ఇతరులకి ఇచ్చేయగలిగితే, నా పెద్ద ఫైల్స్ అన్నీ మీ పేరు మీద రాసేసి నా కోటా ఖాళీగా ఉంచుకోవచ్చు కదా. అందుకే యునిక్స్ శాఖల్లో బీఎస్‌డీ వాళ్లు దీన్ని ఆపేశారు, ఇంకో శాఖ అయిన పాత సిస్టమ్ ఫైవ్‌లో మాత్రం ఇచ్చేయనిచ్చేవారు. పోసిక్స్ రెండు పద్ధతులకీ చోటిచ్చింది, ఫలానా ఫైల్ దగ్గర ఏది నడుస్తుందో పాత్‌కాన్ఫ్ అనే ఫంక్షన్‌ని చౌన్ రిస్ట్రిక్టెడ్ ఆప్షన్‌తో అడిగి తెలుసుకోవచ్చు. లినక్స్‌లో ఓనర్ మార్చాలంటే క్యాప్ చౌన్ అనే కేపబిలిటీ (ప్రత్యేక అనుమతి) ఉండాలి. గ్రూప్ సంగతి వేరు, మీరు సభ్యులుగా ఉన్న ఏ గ్రూప్‌కైనా మీ ఫైల్‌ని మామూలు యూజర్‌గానే మార్చుకోవచ్చు. అప్పుడు యూఐడీ చోట మైనస్ ఒకటి ఇవ్వండి, దాన్ని మార్చకుండా వదిలేస్తుంది. ఆ మైనస్ ఒకటిని యూఐడీ_టీ టైప్‌కి కాస్ట్ చేయడం మర్చిపోకండి.

ఫైల్స్‌ని ఒకే మూటగా కట్టే గ్నూ టార్ ఈ విషయంలో ఎలా నడుచుకుంటుందో చూడండి. రూట్‌గా విప్పితే పాత ఓనర్లని పెడుతుంది, మామూలు యూజర్‌గా విప్పితే ఆ ప్రయత్నమే చేయదు, ఫైల్స్ అన్నీ విప్పినవాళ్ల పేరు మీదే ఉంటాయి. మీ టూల్ కూడా అలాగే ఉండాలని నా అభిప్రాయం.

ఇంకా రెండు సంగతులు. మోడ్ బిట్స్ (ఫైల్ అనుమతులు) పెట్టే సీహెచ్‌మోడ్‌ని చౌన్ తర్వాతే పిలవాలి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఓనర్ మారితే కెర్నల్ సెట్‌యూఐడీ, సెట్‌జీఐడీ బిట్స్ (ప్రోగ్రామ్‌ని దాని ఓనర్ లేదా గ్రూప్ హక్కులతో నడిపించేవి) తీసేస్తుంది, లినక్స్‌లో రూట్ మార్చినా తీసేస్తుంది. ముందు మోడ్ పెట్టి తర్వాత ఓనర్‌ని మారిస్తే రిస్టోర్ అయిన ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేయక, ఎక్కడ తప్పిందో తెలీక రోజంతా టెన్షన్ పడాలి. రెండోది, యూఐడీ అంకె ఒక్కటే దాచుకుంటే చాలదు. మాక్‌లో మొదటి యూజర్‌కి మామూలుగా 501, ఉబుంటులో 1000 వస్తుంది. పేరు కూడా దాచి, రిస్టోర్ చేసేటప్పుడు గెట్‌పీడబ్ల్యూనామ్‌తో ఆ మెషీన్ మీది అంకె తెచ్చుకోండి, పేరు దొరక్కపోతే అప్పుడు పాత అంకె వాడండి. పిలిచే ముందు ఎర్ర్‌నోని (ఎర్రర్ కోడ్ ఉండే వేరియబుల్‌ని) సున్నా చేసి పెట్టుకోండి. నల్ వచ్చి ఎర్ర్‌నో సున్నాగానే ఉంటే అలాంటి యూజర్ లేడని అర్థం, లేకపోతే నిజంగా ఏదో ఫెయిల్ అయిందన్నమాట.

కిటికీ_దారి:

విండోస్ భాగం నేను చెప్తా. అక్కడ యూఐడీ అనే అంకె లేదు, ఓనర్ అంటే ఒక ఎస్ఐడీ, అంటే యూజర్‌కో గ్రూప్‌కో ఉండే ప్రత్యేక గుర్తింపు. అది మనిషే అవ్వాలని లేదు, అడ్మినిస్ట్రేటర్స్ గ్రూప్ ఓనర్‌గా ఉన్న ఫైల్స్ కావలసినన్ని. గెట్ నేమ్డ్ సెక్యూరిటీ ఇన్ఫోతో ఓనర్ ఎస్ఐడీ తీసుకుని స్ట్రింగ్‌గా మార్చి దాచుకోండి, రిస్టోర్‌లో సెట్ నేమ్డ్ సెక్యూరిటీ ఇన్ఫోతో పెట్టండి.

జనం ఎక్కువగా ఇరుక్కునేది ప్రివిలేజ్ దగ్గర. టేక్ ఓనర్‌షిప్ ప్రివిలేజ్ ఉంటే ఫైల్‌ని మీ పేరు మీదకి లాక్కోవచ్చు అంతే, ఇంకొకరి పేరు మీద పెట్టాలంటే రిస్టోర్ ప్రివిలేజ్ కావాలి, అది లేకపోతే 1307 ఎర్రర్ వస్తుంది. అడ్మిన్‌గా నడిపినా ఆ ప్రివిలేజ్ టోకెన్‌లో (మీ ప్రోగ్రామ్ హక్కుల జాబితాలో) ఆఫ్ అయి ఉంటుంది, అడ్జస్ట్ టోకెన్ ప్రివిలేజెస్‌తో మీరే ఆన్ చేయాలి. ఆ ఫంక్షన్ ప్రివిలేజ్ ఇవ్వకపోయినా సక్సెస్ అనే రిటర్న్ చేస్తుంది! తర్వాత గెట్ లాస్ట్ ఎర్రర్‌లో 1300 ఉందేమో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. సెట్ నేమ్డ్ సెక్యూరిటీ ఇన్ఫో దీనికి రివర్స్, ఎర్రర్ కోడ్‌ని నేరుగా రిటర్న్ వాల్యూలోనే ఇస్తుంది.

గోదారి_కోడర్:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఇంత ఉందనుకోలేదు. విండోస్‌లో ప్రస్తుతానికి నా చౌన్ రాపర్ ఏమీ చేయకుండా సున్నా రిటర్న్ చేస్తే ఫరవాలేదా? మిగతా కోడ్ ఎక్కడా మార్చక్కర్లేదు.

పాత_యునిక్స్:

వద్దండీ. బ్యాకప్ టూల్ చేయని పనిని చేశానని చెప్పకూడదు. గో భాషలో చూడండి, విండోస్ మీద చౌన్ పిలిస్తే ఎప్పుడూ ఎర్రరే వస్తుంది, అదే సరైన పద్ధతి. అసలు మీ ఇంటర్‌ఫేస్‌లో యూఐడీ కనపడకూడదంటాను నేను. ఓనర్ అని ఒక స్ట్రక్ట్ పెట్టండి, దాని లోపల పోసిక్స్‌లో పేరూ అంకె, విండోస్‌లో ఎస్ఐడీ స్ట్రింగ్ ఉంటాయి, పైన కోడ్‌కి చదవడం, పెట్టడం అనే రెండు ఫంక్షన్లే తెలుస్తాయి. పెట్టే ఫంక్షన్ అయింది, అనుమతి లేదు, ఇక్కడ కుదరదు అని మూడు రకాలుగా జవాబివ్వాలి. ఆ మూడోది లినక్స్‌లోనూ కావాలి, ఎందుకంటే పెన్‌డ్రైవ్‌లో ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్ ఉంటే అసలు ఓనర్ దాచే చోటే లేదు, మౌంట్ చేసినప్పుడు ఇచ్చిన యూఐడీనే అన్ని ఫైల్స్‌కీ చూపిస్తుంది.

రాత్రి_షిఫ్ట్:

సింలింక్ (ఇంకో ఫైల్‌ని చూపించే లింక్) సంగతి ఎవరూ ఎత్తలేదు, నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదం అదే. చౌన్ లింక్ వెంట వెళ్లిపోతుంది. మీరు రూట్‌గా రిస్టోర్ చేస్తున్న ఫోల్డర్‌లో ఇంకో యూజర్‌కి రాసే హక్కు ఉందనుకోండి, మీరు అతని ఫైల్ రాసి మూసి చౌన్ పిలిచేలోపు అతను దాన్ని తీసేసి ఇటీసీ షాడోకి లింక్ పెడితే, పాస్‌వర్డ్ ఫైల్‌ని మీరే అతని చేతికి ఇచ్చినట్టు. కాబట్టి పేరుతో కాకుండా, ఓ క్రియేట్, ఓ ఎక్స్‌క్ల్ ఫ్లాగ్స్‌తో (ఆ పేరు ముందే ఉంటే తెరవకుండా) మీరు తెరిచిన డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కి గుర్తు అంకె) మీదే ఎఫ్‌చౌన్ పిలవండి, మూయకముందే. లింక్‌నే రిస్టోర్ చేస్తుంటే ఎఫ్‌చౌన్‌యాట్‌కి నోఫాలో ఫ్లాగ్ ఇవ్వండి. ఆ ఫ్లాగ్ పాత్‌లో ఆఖరి ముక్కకే వర్తిస్తుంది, మధ్యలో ఫోల్డర్ బదులు లింక్ పెట్టినా మోసపోతారు, అందుకని ఓపెన్‌యాట్‌కి ఓ నోఫాలో ఫ్లాగ్ ఇచ్చి ఒక్కో ఫోల్డర్ తెరుచుకుంటూ దిగాలి. విండోస్‌లో కూడా ఇదే లెక్క, పేరు తీసుకునే ఫంక్షన్ బదులు సెట్ సెక్యూరిటీ ఇన్ఫో వాడండి, అది హ్యాండిల్ (తెరిచిన ఫైల్ గుర్తు) తీసుకుంటుంది, ఫైల్ తెరిచేటప్పుడు రైట్ ఓనర్ యాక్సెస్ అడిగి ఉండాలి.