12345678987654321: ఈ అందం సంఖ్యదా, మనం రాసే పద్ధతిదా?

పోస్ట్ 1
తొమ్మిది ఒకట్లను, అంటే 111111111ని, వర్గం చేస్తే 12345678987654321 వస్తుంది. ఎటు నుంచి చదివినా ఒకటే. దీన్ని అద్భుత సంఖ్య అంటుంటారు, నేను మాత్రం ఒప్పుకోను. ఇదే సంఖ్యను బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే, రాస్తే మొదట్లో 101, చివర్లో 001 వస్తాయి. ఇక అందం ఎక్కడ? సంఖ్యకు నిజంగా సొంతమైనవి ప్రధాన కారణాంకాలే: 3⁴ × 37² × 333667². ఏ బేస్‌లో (ఎడమకు జరిగేకొద్దీ స్థానం విలువ ఎన్ని రెట్లవుతుందో ఆ సంఖ్య: మన మామూలు రాతలో 10, బైనరీలో 2) రాసినా అవి మారవు.

పోస్ట్ 2
ఒకసారి కాగితం మీద గుణించి చూడండి. తొమ్మిది వరసల ఒకట్లు, ఒక్కో వరస ఒక్కో స్థానం ఎడమకు జరుగుతుంది. నిలువుగా కూడితే 1, 2, 3 అంటూ 9 దాకా పెరిగి, మళ్ళీ 1 దాకా తగ్గుతుంది. ఎక్కడా క్యారీ లేదు. బేస్ 16లో చేసినా ఇవే అంకెలు. ఇందులో 10 గొప్పేముంది?

పోస్ట్ 1 రాసినవారు
బేస్ 16లో అంకెలు అవే కానీ సంఖ్య వేరండీ. నేను చెప్పేదీ అదే. పైగా బేస్ 10లో ఇంకో ఒకటి చేర్చి వర్గం చేయండి: 1234567900987654321. నడుమ 10 రాగానే క్యారీ పడి వరస చెడింది.

పోస్ట్ 3
రాత వేరు, కారణాంకాలు వేరు అని మీరు గీసిన గీతే నాకు నచ్చలేదు. తొమ్మిది ఒకట్లంటే 111ని మూడుసార్లు పక్కపక్కన పెట్టడమే, అంటే 111 × 1001001. ఈ విభజన ఏ బేస్‌లోనైనా పనిచేస్తుంది, కాబట్టి తొమ్మిది ఒకట్లు ఏ బేస్‌లోనూ ప్రధాన సంఖ్య కాలేవు. బేస్ 10లో 111 అంటే 3 × 37, 1001001 అంటే 3 × 333667. మీరు సొంతమన్న కారణాంకాలు ఆ రాతలోంచే బయటికొచ్చాయి!

పోస్ట్ 1 రాసినవారు
అంతవరకూ సరే, బాగా చూపించారు. కానీ 333667 ప్రధాన సంఖ్య అని రాత చెబుతుందా? దాని వర్గమూలం 577 చిల్లర కాబట్టి, 577 దాకా ఉన్న 106 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాల్సిందే కదా.

పోస్ట్ 3 రాసినవారు
అన్నీ అక్కర్లేదండీ. 1001001ని 10³ − 1తో గుణిస్తే 10⁹ − 1 వస్తుంది. 1001001ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా, 3 తప్ప, 10⁹ − 1ని భాగిస్తుంది కానీ 10³ − 1ని భాగించదు. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ ప్రధాన సంఖ్య p అయితే, అది 10ᵖ⁻¹ − 1నీ భాగిస్తుంది. కాబట్టి p − 1 అనేది 9 గుణిజం కావాలి, అంటే p ని 9తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటివి 577 దాకా 17 మాత్రమే: 19, 37, 73, 109, 127... వీటిలో ఏదీ 333667ని భాగించదు. 3 సంగతి అంకెల మొత్తమే చెబుతుంది: 28.