క్యాంటర్‌కి తెలుగు మాట ఏమిటి? (అర్జెంట్)

రాత్రిపూట అనువాదం:
మధ్యాహ్నం నుంచి ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోయాను. ఇంగ్లిష్‌లో ‘క్యాంటర్’ అనే క్రియ. గుర్రం నడక అని నిఘంటువులో ఉంది. ‘దౌడు’ అని రాస్తే మా ఎడిటర్ గారు కొట్టేశారు, ‘మెల్లటి పరుగు’ అంటే నవ్వారు. పొద్దున్నే పేజీ వెళ్లిపోవాలి. టెన్షన్‌తో టీల మీద టీలు తాగుతున్నా. ఎవరైనా ఒక్క మాట చెప్పండి ప్లీజ్.

ఐషర్ బాబు:
క్యాంటర్ అంటే మా ఊళ్లో టమాటాలు మార్కెట్‌కి తోలే ఐషర్ బండి. తెలుగులోనూ క్యాంటరే అంటాం.

సూటిగా:
నిఘంటువు చూడండి.

రాత్రిపూట అనువాదం:
చూశాననే కదండీ పైన రాశాను!

మృదంగం మావయ్య:
గుర్రం నడకంతా తాళమే బాబూ. బల్ల మీద వేళ్లతో కొట్టి చూడు. మామూలు నడకలో నాలుగు కాళ్లూ విడివిడిగా పడతాయి: త-క-ధి-మి. ట్రాట్‌లో, అంటే దానికంటే జోరు నడకలో, ఎదురు మూలల కాళ్లు జంటగా: తక, తక. క్యాంటర్‌లో ముందు ఒక వెనక కాలు, ఆపైన రెండో వెనక కాలూ దాని ఎదురు మూల ముందు కాలూ కలిసి, ఆఖర్న మిగిలిన ముందు కాలు: త-కి-ట. తర్వాత ఒక్క క్షణం నాలుగూ గాల్లోనే. ‘తిశ్రగతి’, అంటే మూడు దెబ్బల నడక, అని రాసెయ్.

రేసుకోర్సు గోడ:
ఆ గాల్లో క్షణం లెక్కేస్తే నాలుగు కదా సార్? అప్పుడది చతురశ్రం.

మృదంగం మావయ్య:
ఖాళీకి కాలుంటుందా నాయనా?

రేసుకోర్సు గోడ:
రూపక తాళంలో చెయ్యి విసిరేది లెక్కలోకి రావట్లేదా మరి?

అమరం అభిమాని:
అమరకోశంలో అశ్వగతులు ఐదున్నాయి: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. ‘వల్గితం’ వాడండి. మన మాటలుండగా వెతుకులాట ఎందుకు?

ఐషర్ బాబు:
వల్గితం అని పేపర్లో వస్తే మా నాన్న ఏదో రోగం అనుకుంటాడండీ.

ఊరిపేర్ల పిచ్చి:
అసలు ఆ మాట పుట్టింది ఊరి పేరు నుంచి. ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ. 1170లో అక్కడి కెథడ్రల్‌లోనే ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను రెండో హెన్రీ రాజు మనుషులు నరికేశారు. 1173లో ఆయన్ని సెయింట్‌గా ప్రకటించారు. ఇక యాత్రికులు బారులు తీరారు. దౌడు తీస్తే నడుములు విరుగుతాయి, నడిపిస్తే పొద్దు గుంకుతుంది. ఆ మధ్య రకం పరుగుకి ‘కాంటర్‌బరీ గ్యాలప్’ అని పేరొచ్చింది. 18వ శతాబ్దానికి వెనక భాగం రాలిపోయి క్యాంటర్ మిగిలింది. పెళ్లికి ‘గద్వాల కట్టుకుంది’ అంటామే, చీర అనకుండా, అలా.

అమరం అభిమాని:
1538లో ఎనిమిదో హెన్రీ హయాంలో ఆ సమాధినే పడగొట్టారు కదా? మరి 18వ శతాబ్దంలో వెళ్లిన యాత్రికులెవరండీ?

ఊరిపేర్ల పిచ్చి:
యాత్ర ఆగిపోయినా మాట ఆగలేదు గురువుగారూ. 17వ శతాబ్దంలోనూ ‘కాంటర్‌బరీ’ నడక అనేవాళ్లు.

సూటిగా:
వాక్యం పెట్టండి.

రాత్రిపూట అనువాదం:
అయ్యో, పెట్టలేదా? ‘ది చేజింగ్ సైడ్ వన్ అట్ ఎ క్యాంటర్.’ క్రికెట్ వార్త.

సూటిగా:
ఇందులో అది క్రియ కాదు. గుర్రమూ లేదు. ‘ఆడుతూ పాడుతూ గెలిచింది’ అని రాయండి.

రేసుకోర్సు గోడ:
క్రికెట్ అని ముందే చెప్పొచ్చు కదా బ్రదర్! రేసులో మిగతా గుర్రాలు బాగా వెనకబడితే జాకీ తన గుర్రాన్ని అదిలించక్కర్లేదు. దౌడు అవసరమే లేకుండా క్యాంటర్‌లోనే గీత దాటిస్తాడు. అదే అక్కడికి వచ్చింది.

అమరం అభిమాని:
అయితే ‘నల్లేరు మీద బండి నడక’ అనండి, హాయిగా ఉంటుంది.

ఐషర్ బాబు:
చూశారా, తిరిగి తిరిగి బండి దగ్గరికే వచ్చారు.

రాత్రిపూట అనువాదం:
‘ఆడుతూ పాడుతూ’ పెట్టి పంపేశా. థ్యాంక్సండీ అందరికీ. పడుకుంటాను.

మృదంగం మావయ్య:
గోడ గారూ, రూపకం వేరు, గుర్రం వేరు. రేపు తీరిగ్గా చెప్తాను.